షెఫీల్డు కత్తి, కోనసముద్రం ఉక్కు: ఒక పాత పనిముట్టు చెప్పే ఆరోగ్య చరిత్ర



మీ ఇంటి అటక మీదనో, తాతగారి ట్రంకుపెట్టె అడుగుననో ఒక పాత మడత కత్తి దొరికిందనుకోండి. కొమ్ముతోనో దంతంతోనో చేసిన పిడి, అందులోకి ముడుచుకొనే అలుగు, అలుగు మొదట చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. అది మన పల్లెల్లో మంగలి కత్తి అనీ, హైదరాబాదు ప్రాంతంలో ఉస్తరా అనీ పిలిచిన క్షురకత్తి. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో తయారై, ఓడలెక్కి, మద్రాసు మీదుగా మన కృష్ణా తీరానికి కూడా చేరిన వస్తువు. ఇటీవల ఇటువంటి కత్తులను సేకరించి, తుప్పు వదిలించి, మళ్ళీ పదును పెట్టి వాడుకోవాలనే సరదా యువకులలో పెరుగుతున్నది. పాత ఇనుము అంగళ్ళలో వెతికేవారు ఉన్నారు, దూరదేశాల నుంచి తెప్పించుకొనేవారూ ఉన్నారు.

ఆరోగ్య విషయాలు రాసే వైద్యునికి ఈ కత్తితో ఏమి పని అని మీరు అడగవచ్చు. చాలా పని ఉంది. ఈ కత్తిని తయారుచేసినవారు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఈ కత్తి ఒక గడ్డం నుంచి మరొక గడ్డానికి రోగాలను మోసింది. కొన్నిచోట్ల బొడ్డు కోసి పసిబిడ్డల ప్రాణం తీసింది. శస్త్రచికిత్స అనే గొప్ప విద్య కూడా దీనికి దగ్గరి చుట్టమే. అన్నిటినీ మించి, దీని ఉక్కు కథలో మన తెలుగు నేలకు ఒక వాటా ఉంది. ఆ చరిత్ర తెలుసుకొని కత్తిని చేతిలోకి తీసుకుంటే ముచ్చటా తీరుతుంది, జాగ్రత్తా అలవడుతుంది.

కత్తి మీది అక్షరాలు

షెఫీల్డు కత్తుల ఊరిగా పేరు పొందడానికి అక్కడి సెలయేళ్ళు, సానరాళ్ళకు పనికివచ్చే ఇసుకరాయి ముఖ్య కారణాలు. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉక్కును మూసలో పూర్తిగా కరిగించి, మలినాలు లేని దిమ్మెలుగా పోయడం సాధించాడు. గడియారపు స్ప్రింగుల కోసం మొదలైన ఆ ప్రయత్నం క్షురకత్తులకు వరమయింది. జోసెఫ్ రాడ్జర్స్, జార్జ్ వొస్టెన్‌హోమ్, వేడ్ అండ్ బుచర్ వంటి సంస్థల కత్తులు ప్రపంచమంతా తిరిగాయి. నక్షత్రమూ, మాల్టా శిలువా ఉన్న ముద్ర రాడ్జర్స్ వారిది.

వయసు తెలుసుకోవడానికి సేకర్తలు ఈ ముద్రలనే చదువుతారు. రాజముద్ర ఉంటే పని సులువు. కిరీటం పక్కన విలియం రాజు అక్షరాలు ఉంటే అది 1830, 1837 మధ్యది. విక్టోరియా రాణి అక్షరాలు ఉంటే 1837 తరువాతది. ‘షెఫీల్డు’ అని మాత్రమే ఉండి దేశం పేరు లేకుంటే అది ఎక్కువగా 1890కి ముందుది. ఆ ఏడాది అమెరికా చేసిన సుంకాల చట్టం, దిగుమతి వస్తువు మీద తయారైన దేశం పేరు ఉండాలన్నది. అప్పటినుంచి ‘ఇంగ్లండు’ అనే మాట కూడా చేరింది. అలుగు ఆకారమూ సాక్ష్యం చెపుతుంది. పాతవి చీలికలాగా బరువుగా ఉంటాయి. 19వ శతాబ్దం చివరికి రెండు వైపులా లోతుగా గుల్ల తీసిన పలుచని అలుగులు వచ్చాయి. ఆ పనితనంలో జర్మనీలోని జోలింగెన్ షెఫీల్డుకు పోటీగా నిలిచింది.

కొన్ని కత్తుల మీద ‘సిల్వర్ స్టీల్’ అని కనిపిస్తుంది. వెండి ఉక్కు అన్నమాట. మన కథ ఆ రెండు మాటల దగ్గర మలుపు తిరుగుతుంది.

షెఫీల్డుకు ముందు కోనసముద్రం

నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు పేరు మోసిన ఊరు. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాచి ఉక్కు గడ్డలు తీసేవారు. వాటికోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. దమస్కు కత్తులుగా ప్రసిద్ధి పొందిన అలుగులు ఇటువంటి దక్షిణాది ఉక్కుతో చేసినవే. ఐరోపావారు దీనిని ‘వూట్జ్’ అన్నారు. అది మన ‘ఉక్కు’ మాటకు వచ్చిన అపభ్రంశమే అని పండితులు చెపుతారు.

ఈ కథలో అడుగడుగునా వైద్యులే కనిపించడం నాకు ఎంతో ఆసక్తి కలిగించిన సంగతి. 1794లో బొంబాయి నుంచి ఈ ఉక్కు నమూనాలను లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపినవాడు డాక్టర్ హెలెనస్ స్కాట్. మరుసటి ఏడాది వాటిమీద పరిశోధన పత్రం సమర్పించిన జార్జ్ పియర్సన్ కూడా వైద్యుడే. సామర్లకోటలోని కంపెనీవారి వృక్షశాస్త్ర తోటను చూసుకొన్న బెంజమిన్ హైన్ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. అతడు నూజివీడు దాపున ఉన్న రమణక్కపేటలో ఇనుము తీసే కొలుములను స్వయంగా చూసి రాసిన వివరాలు 1814లో లండన్‌లో అచ్చయ్యాయి. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసే 1820లలో కోనసముద్రం వెళ్ళి, రెండు వేర్వేరు చోట్ల ఇనుమును కలిపి ఉక్కు చేసే పద్ధతిని నమోదు చేశాడు. ఆయన 1824లో మరణించగా, ఆ వ్యాసం 1832లో కలకత్తాలో వెలువడింది.

లండన్‌లో శస్త్రచికిత్స పరికరాలూ క్షురకత్తులూ చేసే జేమ్స్ స్టోడర్ట్ ఈ ఉక్కును పరీక్షించి, ఐరోపాలో దొరికే దేనికన్నా ఇదే మేలని తేల్చుకొన్నాడు. భారతదేశపు ఉక్కుతో శస్త్ర పరికరాలు చేస్తానని తన వ్యాపారపు చీటీ మీద అచ్చు వేయించుకొన్నాడు కూడా. ఈ ఉక్కు రహస్యం ఛేదించాలని అతనితో చేరిన యువకుడు మైకేల్ ఫారడే. విద్యుత్తు పరిశోధనలతో లోకప్రసిద్ధుడు కాకముందు ఫారడే చేసిన పెద్ద పని ఇదే. 1820లోనూ 1822లోనూ వారిద్దరూ ఉక్కు మిశ్రమాల మీద పత్రాలు ప్రచురించారు. మన ఉక్కులోని గుణం ఏ లోహం కలవడం వల్ల వచ్చిందో కనుక్కోవాలని ప్లాటినం, రోడియం, వెండి ఒక్కొక్కటే కలిపి చూశారు. ఐదు వందల పాళ్ళ ఉక్కుకు ఒక పాలు వెండి కలిపితే మంచి ఫలితం వచ్చిందన్నారు. ఫారడే తన ఉక్కుతో క్షురకత్తులు చేయించి స్నేహితులకు బహుమతిగా ఇచ్చాడు.

ఆ మిశ్రమాన్ని షెఫీల్డులో పెద్దయెత్తున చేసి చూశారు. ‘సిల్వర్ స్టీల్’ అనే ముద్రకు మూలం అక్కడ ఉంది. తరువాత ఆ మాట ఎక్కువగా ప్రచారపు ముద్రగానే మిగిలింది. నిజానికి మన ఉక్కు రహస్యం వెండిలో లేదు. అందులో బొగ్గు పాలు ఎక్కువ, అది నిదానంగా చల్లారే తీరు వేరు. ఏమైనా మీ తాతగారి కత్తి మీద ఆ రెండు మాటలు కనిపిస్తే, ఆ పేరు వెనుక కోనసముద్రం వంటి ఊళ్ళ కమ్మరి కొలిమి ఉందని గుర్తు చేసుకోండి. యంత్రాల ఉక్కు చౌకగా రావడంతో ఆ కొలుములు 19వ శతాబ్దంలోనే చల్లారిపోయాయి.

సాన దగ్గర పోయిన ప్రాణాలు

షెఫీల్డు కత్తి మెరుపు వెనుక ఒక విషాదం ఉంది. అలుగుకు ఆకారం తెచ్చేది ఇసుకరాతి సానచక్రం. పనివాడు కొయ్య పీట మీద కాళ్ళు చెరొక వైపు వేసి కూర్చొని, తిరిగే చక్రం మీదికి వంగి, అలుగును అదిమి పట్టేవాడు. ముఖానికి జానెడు దూరంలో రాతి పొడి, ఉక్కు పొడి లేచేవి. ఫోర్కులు పూర్తిగా పొడి సాన మీద, క్షురకత్తులు కొంత తడి మీద, కొంత పొడి మీద తయారయ్యేవి. రాతిలోని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కట్టి, వాటిని గట్టిపరుస్తుంది. మొదట ఆయాసం, తరువాత ఎడతెగని దగ్గు, ఆపైన తరచుగా క్షయ. ఆనాడు దీనిని సానవారి ఉబ్బసం అన్నారు. ఈనాడు మనం సిలికోసిస్ అంటున్నాం.

షెఫీల్డు వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ ఈ వ్యాధిని వివరంగా వర్ణించాడు. పొడి సాన పట్టేవారి సగటు ఆయువు ముప్పై అయిదేళ్ళకు మించదనీ, తడి సాన వారు నలభై అయిదు దాటడం అరుదనీ ఆయన అన్నాడు. 1845లో ఫ్రెడరిక్ ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల దుస్థితిపై రాసిన గ్రంథంలో ఈ సాక్ష్యాన్ని ఉదహరించాడు. అందులోనే మనసును కలచివేసే మరొక సంగతి ఉంది. ధూళిని పీల్చివేసే పరికరాలు పెట్టబోతే కొందరు పనివారే వద్దన్నారట, కొన్నిచోట్ల పగలగొట్టారట. పని ప్రమాదం తగ్గితే ఎక్కువమంది ఈ వృత్తిలోకి వచ్చి కూలి పడిపోతుందని వారి భయం. ఆకలి భయం ముందు ఆయువు మీది ఆశ ఓడిపోయింది. 20వ శతాబ్దంలో ఇసుకరాతి బదులు కృత్రిమ సానచక్రాలు వచ్చిన తరువాతనే ఈ జబ్బు అక్కడ తగ్గుముఖం పట్టింది.

ఇది పరాయి దేశపు పాత కథ అనుకోకండి. మార్కాపురం పలకల పనిలోనూ, చీమకుర్తి గ్రానైటు కోతలోనూ లేచేది ఈ జాతి ధూళే. గుంటూరు జిన్నింగు మిల్లుల పత్తి దుమ్ము మరొక రకం హాని చేస్తుంది. సిలికోసిస్ వస్తే తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దానిని చేర్చింది. మచ్చలు పడిన ఊపిరితిత్తిని మళ్ళీ మామూలుగా చేసే మందు నేటికీ లేదు. దుమ్మును నీటితో అణచడం, పీల్చివేసే యంత్రం పెట్టడం, సరైన మాస్కు ధరించడం, ఇవే మార్గాలు. మీ ఇంట్లో ఎవరైనా రాతి పనిలో ఉండి దగ్గు, ఆయాసంతో బాధపడుతుంటే, వైద్యుని వద్ద వారి వృత్తి సంగతి తప్పక చెప్పండి. వైద్యుడు అడగకపోయినా చెప్పండి.

మన ఊళ్ళ పొది

మన దేశంలో క్షురకత్తికీ శస్త్రానికీ ఉన్న బంధుత్వం చాలా పాతది. శస్త్రం అంచు వెంట్రుకను కోయగలిగేంత వాడిగా ఉండాలని సుశ్రుతుడు నియమం పెట్టాడు. పదును పెట్టడానికి మినుము వన్నె గల నున్నని రాయి, పదును నిలుపుకోవడానికి బూరుగు పలక ఉండాలన్నాడు. నేటి సేకర్త నున్నని సానరాయి మీద నూరి, తోలుపట్టీ మీద తీడడంలో అదే సూత్రం ఉంది. ఇంగ్లండులోనూ క్షురకులు, శస్త్రవైద్యులు ఒకే సంఘంగా ఉండేవారు. ఎనిమిదవ హెన్రీ కాలంలో 1540లో కలిసిన ఆ రెండు వృత్తులు 1745లో గాని విడిపోలేదు.

సరిగ్గా అదే కాలంలో, అంటే 1540లలో, మన దక్షిణాదిలో క్షురకవృత్తికి ఒక గౌరవం దక్కింది. విజయనగర చక్రవర్తి సదాశివరాయల పాలనలో, అళియ రామరాయల ప్రాపకంతో క్షురకుల మీది పన్నులు రద్దయ్యాయి. కొండోజు అనే క్షురకుని సేవకు మెచ్చి ఈ మినహాయింపు ఇచ్చినట్లు బాదామి శాసనాలు చెపుతున్నాయి. తెలుగు ప్రాంతాల్లోనూ ఇటువంటి శాసనాలు ఉన్నాయి. తన పలుకుబడిని తన ఒక్కడి కోసం గాక తన వృత్తివారందరి కోసం వాడిన మనిషిగా కొండోజు గుర్తుండదగినవాడు.

నేడు నాయీబ్రాహ్మణులుగా మనం గౌరవించే ఈ సమాజం తెలుగు పల్లెలో మూడు విద్యలను మోసింది. క్షౌరం, వైద్యం, మంగళవాద్యం. సెగగడ్డ కోయడం, ముల్లు తీయడం, పుండుకు కట్టు కట్టడం వారి పని. వారి స్త్రీలు ఎందరో మంత్రసానులు. డాక్టరు ముఖం ఎరుగని ఊళ్ళలో ఎన్నో తరాలు వారి చేతుల మీదనే పుట్టాయి. వారి నైపుణ్యంలో లోపం లేదు. లోపమంతా కంటికి కనపడని సూక్ష్మజీవుల గురించి ఆనాడు ఎవరికీ తెలియకపోవడంలో ఉంది. శుద్ధి చేయని కత్తితోనో కొడవలితోనో బొడ్డు కోస్తే, మట్టిలోని ధనుర్వాతపు బీజాలు బిడ్డ ఒంట్లో చేరేవి. వారం తిరగకుండానే పాలు పట్టలేక, దవడలు బిగుసుకొని, బిడ్డ విల్లులా వంగి చనిపోయేది. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన కొత్త బ్లేడు కలిసి ఈ శాపాన్ని పోగొట్టాయి. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా దేశంలో మొట్టమొదట 2003లో గుర్తింపు పొందినది మన ఆంధ్రప్రదేశే. దేశమంతటికీ ఆ గుర్తింపు రావడానికి 2015 దాకా పట్టింది. ఈ ఘనత మన పిల్లలకు పాఠంగా చెప్పదగినది.

అర బ్లేడు వచ్చిన కథ

1903లో అమెరికాలో జిల్లెట్ కంపెనీ పారవేసే బ్లేడును అమ్మకానికి పెట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు దానికి అలవాటుపడ్డారు. ఇళ్ళలో మడత కత్తి పని అక్కడితో ముగిసింది. కాని మన క్షౌరశాలల్లో మాత్రం అది మరి డెబ్బై ఎనభై ఏళ్ళు రాజ్యం చేసింది. ఒకే కత్తి, ఒకే పటిక బిళ్ళ, ఒకే కుంచె, ఒకే గిన్నెలోని నీళ్ళు రోజంతా అందరికీ.

కత్తిని మార్చింది భయం. 1986లో మద్రాసులో హెచ్ఐవీ బయటపడిన తరువాత, 1990లలో ఆ భయం పల్లెలకు పాకింది. మన గుంటూరు జిల్లాకు ఆ భయం అకారణం కాదు. 2004–05లో పన్నెండు వేల మందికి పైగా రక్తం పరీక్షించిన ఒక సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ వారిలో 1.72 శాతం మందికి హెచ్ఐవీ ఉన్నట్లు తేలింది. తాడేపల్లి, మంగళగిరి ప్రాంతాల్లో కూడా గడ్డం చేయించుకొనేవారు ‘కొత్త బ్లేడు వేయి’ అని అడగడం అప్పుడే అలవాటయింది. పాత కత్తి ఆకారంలోనే ఉండి, బ్లేడును సగానికి విరిచి బిగించుకొనే పిడి ప్రతి అంగడికీ చేరింది.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ వ్యాధి మన జిల్లాలో వ్యాపించింది ముఖ్యంగా లైంగిక సంపర్కం వల్ల; క్షౌరపు కత్తి వల్ల కాదు. రోగి రక్తం అంటిన సూది గుచ్చుకొంటే హెచ్ఐవీ సోకే అవకాశం 0.3 శాతం. హెపటైటిస్ సి సోకే అవకాశం సుమారు 1.8 శాతం. టీకా లేనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. హెచ్ఐవీ బయటి గాలిలో త్వరగా నశిస్తుంది. హెపటైటిస్ బి వైరస్ మాత్రం ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. అంటే మనం ఒక శత్రువును చూసి భయపడి తలుపు వేసుకొంటే, అంతకన్నా ప్రమాదకరమైన మరొక శత్రువు కూడా బయటే ఉండిపోయాడు. ఎయిడ్స్ భయంతో వచ్చిన అర బ్లేడు నిజానికి ఎన్నో కాలేయాలను కాపాడింది.

సీతానగరం ఘాట్లలో పుష్కరాల నాడు జరిగే సామూహిక కేశఖండన గాని, తిరుమల కల్యాణకట్టలో రాత్రింబవళ్ళు సాగే మొక్కుబడులు గాని, ఈ విరిచి పారవేసే బ్లేడు లేకుంటే ఎంత ప్రమాదమో ఊహించుకోండి. అయితే బ్లేడు ఒక్కటి మారితే చాలదు. పటిక బిళ్ళ రక్తాన్ని ఆపుతుందే గాని వైరస్‌ను చంపదు. ఒకరి కోతకు తాకిన బిళ్ళను మరొకరికి తాకించరాదు. పొద్దున కలిపిన డెట్టాలు నీళ్ళు సాయంత్రానికి మురికినీళ్ళే.

పాత కత్తిని బాగుచేసుకొనేవారికి

ఇంత తెలిసిన తరువాత కూడా ఆ కత్తి మీద మీ మనసు పోతే, నేను వద్దనను. పాత పనితనాన్ని కాపాడడం మంచి అభిరుచి. కొన్ని నియమాలు పాటించండి.

మొదట వెలుతురులో అలుగును పరీక్షించండి. పైపైన మచ్చలు పోతాయి. అంచున పగులు ఉంటే ఆ కత్తి అద్దాల పెట్టెలో చూడడానికే గాని గడ్డానికి పనికిరాదు.

కడిగే ముందు చేతులకు మందమైన తొడుగులు వేసుకోండి. సబ్బునీటితో శుభ్రం చేసిన తరువాత క్రిమిశుద్ధి చేయాలి. ఇరవై నిమిషాలు మరిగించడం చౌకైన, నమ్మదగిన పద్ధతి. కాని కొమ్ము, దంతం, సెల్యులాయిడ్ పిడులు ఆ వేడికి తట్టుకోవు. అటువంటప్పుడు రేకు తొలగించి అలుగును విడదీయించాలి. స్పిరిటుతో తుడిస్తే చాలా క్రిములు చస్తాయి, ధనుర్వాతపు బీజాలు చావవు. బ్లీచింగు ద్రావణం ఉక్కును తినివేస్తుంది.

తుప్పు తీయడానికి నూనె, సన్నని ఉక్కు పీచు, తడి ఉప్పుకాగితం వాడండి. పొడిగా రుద్దకండి. షెఫీల్డు పనివారి గతి గుర్తుంచుకోండి. మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి. కరెంటు చక్రం పెడితే పలుచని అంచు క్షణంలో వేడెక్కి నీలిరంగు తిరుగుతుంది. అక్కడ ఉక్కు మెత్తబడి మళ్ళీ పదును నిలువదు. తయారీదారు ముద్రను అరగదీయకండి. చరిత్ర అంతా అక్కడే ఉంది.

పదును పెట్టేటప్పుడు అలుగు వీపూ అంచూ రెండూ రాతిని తాకుతూ ఉండాలి. ముతక రాయితో మొదలుపెట్టి నున్నని రాయికి వెళ్ళాలి. చివరిగా తోలు మీద, వీపు ముందుగా నడిచేటట్లు తీడాలి. మన వర్షకాలపు తేమకు అలుగు వారంలోనే మచ్చపడుతుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పలుచగా రాసి ఉంచండి. సెల్యులాయిడ్ పిడి పాడవుతున్నప్పుడు వచ్చే వాయువు పక్క కత్తులను కూడా తుప్పు పట్టిస్తుంది, దానిని వేరుగా పెట్టండి.

పిడి ఏనుగు దంతమైతే కొనడం, అమ్మడం చేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఇంట్లో వారసత్వంగా ఉన్నదానికి కూడా అటవీశాఖవారిని సంప్రదించండి.

కత్తితోపాటు పాత కుంచె దొరికితే ముఖానికి తాకించకండి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో గుర్రపు వెంట్రుకల చౌక కుంచెల వల్ల ఆంత్రాక్స్ సోకి మనుషులు చనిపోయారు.

కత్తి ఒక్కరిదే కావాలి. తండ్రీకొడుకులైనా పంచుకోరాదు. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచన చేసే మందులు వాడేవారు, చేయి వణికేవారు తెరిచిన కత్తితో గడ్డం చేసుకోకపోవడమే మేలు. తెగినప్పుడు తుప్పును చూసి కాదు, మీ టీకాల చీటీ చూసి ఆందోళన చెందండి. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలోని బీజాల వల్ల వస్తుంది. పదేళ్ళుగా టీకా తీసుకోకపోతే తీసుకోండి. హెపటైటిస్ బి టీకా దేశమంతటా పసిపిల్లలకు అందుబాటులోకి వచ్చింది 2011లో. అంతకు ముందు పుట్టిన పెద్దలలో చాలామంది తీసుకోలేదు. మూడు మోతాదులు, ఆరు నెలలు, అంతే. క్షౌరవృత్తిలో ఉన్న సోదరులకు ఇది మరీ ముఖ్యం. మనకు కోత పడినా, వారికి పడినా ప్రమాదం ఇద్దరిదీ.

మీరు ఈ వారం క్షౌరశాలకు వెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. కొత్త బ్లేడు మీ కళ్ళ ముందు విప్పారా లేదా చూడండి. తరువాత ఆ సోదరుణ్ణి, హెపటైటిస్ బి టీకా వేయించుకొన్నారా అని అడగండి. లేదంటే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి దారి చూపించండి.